పెన్సిలు పట్టే వేళ్లు

ఆరేండ్లు ఇంకా నిండని పిల్లవాడు ఒకటవ తరగతి గదిలో వెనుక వరుసలో కూర్చున్నాడు. కాపీ పుస్తకంలో 'అ' దిద్దమన్నారు. వాడు పెన్సిలును గరిటెకాడ పట్టినట్లు పిడికిట బిగించాడు. బొటనవేలు మిగతా వేళ్లమీదికి ఎక్కి కూర్చున్నది. చూపుడువేలి కొన బిగింపుకు తెల్లబడిపోయింది. గీత ఒకచోట కాగితాన్ని చించుకొని అవతలి పుట మీదికి దిగింది; ఇంకొకచోట కంటికి ఆననంత పలుచగా జారిపోయింది. నాలుగు అక్షరాలయ్యే సరికి మోచేయి బల్లమీద వాలింది, తల మోచేతిమీద వాలింది. ఉపాధ్యాయుడు చూచి "శ్రద్ధ లేదు" అంటాడు. తల్లి వచ్చి "వాడి వేళ్లలో బలం లేదండీ" అంటుంది.

ఇద్దరిలో తల్లి మాటే సత్యానికి కొంత దగ్గర. అయితే ఆ మాటలోనూ ఒక చిక్కు ఉన్నది. కాగితం చిరిగేటట్లు నొక్కగలిగిన వేళ్లను బలం లేనివని ఎట్లా అంటాము? ఈ చిక్కును విప్పాలంటే వేళ్లను కదిలించే బలం ఎక్కడ పుడుతున్నదో ముందుగా చూడాలి.

విద్యార్థులు తమ చేతిమీదనే దీనిని పరీక్షించుకోవచ్చు. కుడి ముంజేతిని మోచేతికి కొద్దిగా దిగువను ఎడమచేతితో పట్టుకొని, కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటిగా మడిచి చాపితే, ఎడమచేతి కింద కండ పొర్లుతున్నట్లు తెలుస్తుంది. అసలు వేళ్లలో చెప్పుకోదగిన కండరాలు లేవు. వేలిని గట్టిగా మడిచే కండరాలు ముంజేతిలో ఉన్నవి. వాటి కొసల నుండి తెల్లని తాళ్లవంటి స్నాయుబంధనాలు బయలుదేరి, మణికట్టును దాటి, వేలి ఎముకలకు వెళ్లి అతుక్కుంటాయి. నూతిగిలక మీది చేదను తలచుకుంటే ఈ అమరిక సులభంగా బోధపడుతుంది: తాడు లాగే మనిషి ఒకచోట ఉంటాడు, పైకి వచ్చే చేద ఇంకొకచోట ఉంటుంది. బిందె పట్టుకోవడానికి, చెట్టుకొమ్మ పట్టి వ్రేలాడడానికి పనికివచ్చే బలం ఇదే.

అరచేతిలో మరికొన్ని చిన్న కండరాలు ఉన్నవి. అవి అక్కడే పుట్టి, ఆ చుట్టుపక్కలనే ముగుస్తాయి. బొటనవేలి మొదట ఉబ్బెత్తుగా కనిపించే కండ వీటిలో పెద్దది. అరచేతి ఎముకల సందులలో 7 కండరాలు ఒదిగి ఉన్నవి. ఇవి వేళ్లను ఎడం చేస్తాయి, దగ్గరకు చేరుస్తాయి. బొటనవేలి కొనను చూపుడువేలి కొనకు ఆనించి గట్టిగా అదిమితే, చేతి వెనుకవైపు ఆ రెండు వేళ్ల నడుమ ఒక కండ గట్టిపడి పైకి లేస్తుంది. అది ఈ ఏడింటిలో ఒకటి. ఇవి కాక వానపాములవలె సన్నగా ఉండే 4 కండరాలు ఉన్నవి. వాటి లాటిన్ పేరు కూడ వానపాము పేరు మీదనే వచ్చింది. తక్కిన కండరాలవలె ఇవి ఎముకనుండి పుట్టవు. వేళ్లను మడిచే స్నాయుబంధనాల మీదనే ఇవి పుడతాయి. ఇవి చేసే పని చిత్రమైనది. వేలిని దాని మొదటి కీలు దగ్గర వంచుతాయి, పై రెండు కీళ్ల దగ్గర చాపుతాయి. పెన్సిలు సరిగా పట్టుకున్నవాని చూపుడువేలిని చూస్తే అది ఉండేది దాదాపు ఈ భంగిమలోనే.

పైన చెప్పిన పిల్లవాని చిక్కు ఇప్పుడు విడిపోతుంది. వాడికి ముంజేతి బలం ఉన్నది. దానితోనే కాగితాన్ని చింపాడు. కొరవడినది అరచేతి చిన్న కండరాల నేర్పు. అవి పని అందుకోలేకపోతే ముంజేయి ఆ పనిని మీద వేసుకుంటుంది. గడ్డపలుగుతో పూలమొక్కల పాదు తీసినట్లే ఉంటుంది ఆ పని. అందుచేత అటువంటి పిల్లవానికి "ఇంకా గట్టిగా పట్టుకో" అని చెప్పడం ఉన్న దోషాన్ని పెంచడమే అవుతుంది.

చేయి ఇంకా తయారవుతున్నది

పెద్దవాని చేతిలో 27 ఎముకలు ఉంటాయి. వేళ్లలో 14, అరచేతిలో 5, మణికట్టులో 8. అప్పుడే పుట్టిన శిశువు మణికట్టును ఎక్స్‌రే తీస్తే ఆ 8 ఎముకలున్నచోట సాధారణంగా ఏమీ కనిపించదు. అవి అప్పటికి మృదులాస్థిగా, అంటే చెవి తమ్మెకు పైన వంగే భాగం వంటి మెత్తని పదార్థంగా ఉంటాయి. మొదటి కొద్ది నెలలలో రెండు గట్టిపడడం ఆరంభిస్తాయి. తక్కినవి ఒక్కొక్కటిగా ఏండ్ల తరబడి గట్టిపడుతూ పోతాయి. చిటికెనవేలి వైపున బఠానీగింజంత ఉండే చివరి ఎముక కనిపించడం సుమారు 9 నుండి 12 ఏండ్ల మధ్య జరుగుతుంది. ఆడపిల్లలలో ఈ క్రమం మగపిల్లలకంటె ముందుగా నడుస్తుంది. ఈ క్రమం ఇంత నియమంగా సాగుతుంది కనుకనే పిల్లల ఎముకల వయస్సు తెలుసుకోవడానికి వైద్యులు చేతిని ఎక్స్‌రే తీయిస్తారు. ఈ ఎముకలు పూర్తి అయ్యేవరకు పిల్లలు వ్రాయకూడదని దీని అర్థం కాదు. మూడేండ్ల పిల్లవాని చేయి పెద్దవాని చేతికి చిన్న నకలు కాదని మాత్రం ఇది స్పష్టం చేస్తున్నది.

మెదడులో జరిగే పని ఇంతకంటె ముఖ్యమైనది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, మెలకువగా ఉన్న రోగులకు మెదడు శస్త్రచికిత్స చేస్తూ, మస్తిష్క వల్కలాన్ని స్వల్పమైన విద్యుత్తుతో తాకి ఏ భాగం ఏ అవయవాన్ని కదిలిస్తున్నదో గుర్తించాడు. బోల్డ్రే అనే సహచరునితో కలిసి ఆయన 1937లో ఈ ఫలితాలు ప్రకటించాడు. చేతికి, ముఖానికి అక్కడ దొరికిన చోటు మొండెం అంతటికీ దొరికిన చోటుకంటె చాల ఎక్కువ. చేతికి కేటాయించిన ఆ భాగం నుండి వెన్నుపాములోనికి దిగే నాడీతంతువులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఏర్పడితేనే ఆజ్ఞలు వేగంగా, తేటగా చేరుతాయి. ఆ తొడుగు పెట్టే పని పుట్టుకతో పూర్తి కాదు. అది బాల్యమంతా సాగుతూనే ఉంటుంది.

ఎంత బిగించాలో తెలియడం కూడ ఈ మెదడు పనిలోనిదే. నిండుగా ఉన్నదనుకొని ఖాళీ చెంబును ఎత్తితే చేయి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. చెంబును తాకకముందే మెదడు దాని బరువును ఊహించి, కావలసిన బలాన్ని లెక్క కట్టిందన్నమాట. పెద్దలు పెన్సిలును కూడ ఇట్లాగే లెక్క కట్టి, జారిపోకుండా ఉండడానికి ఎంత కావాలో అంతకు కొద్దిగా మించి మాత్రమే బిగిస్తారు. పసివారిలో ఈ లెక్క ఇంకా కుదరలేదు. జారిపోతుందేమోనని అవసరానికి మించి బిగిస్తారు. ఏడెనిమిదేండ్ల వరకు ఈ లెక్క సరిపడుతూనే ఉంటుంది.

ఏ వయస్సుకు ఏ పట్టు

పసివాడు వస్తువును పట్టుకోవడం ఎట్లా నేర్చుకుంటాడన్న విషయాన్ని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హాల్వర్సన్ చలనచిత్రాలు తీసి పరిశీలించి, 1931లో ప్రకటించాడు. అయిదారు నెలలకు శిశువు అరచేతితో వస్తువును అదుముకుంటాడు. తొమ్మిది, పది నెలలకు బొటనవేలి కొనను, చూపుడువేలి కొనను కలిపి నేలమీది మెతుకును ఏరగలుగుతాడు. బొటనవేలు మొదట జీను ఆకారంలో ఉన్న కీలు ఒకటి ఉండడం వల్ల ఆ వేలు తక్కిన నాలుగింటికి ఎదురు రాగలదు. మెతుకు ఏరి నోట పెట్టుకునే ఆ క్షణంలో తల్లి కోప్పడుతుంది గాని, వ్రాతకు మొదటి పాఠం అక్కడ జరిగింది.

పెన్సిలు పట్టు విషయానికి వస్తే, ఏడాది దాటిన పిల్లవాడు దానిని పిడికిట పట్టి భుజంతో గీస్తాడు. రెండు, మూడేండ్ల మధ్య వేళ్లన్నీ కిందికి చూచేటట్లు పట్టి, ముంజేతితో గీస్తాడు. సుమారు మూడున్నర, నాలుగేండ్లకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అనే మూడింటి మధ్యకు పెన్సిలు చేరుతుంది. అయితే వేళ్లు మాత్రం కదలవు, మణికట్టు కదులుతుంది. నాలుగున్నర నుండి ఆరేండ్ల మధ్యనే ఆ మూడు వేళ్లు స్వయంగా వంగుతూ చాపుకుంటూ అక్షరాన్ని తిప్పడం మొదలవుతుంది. రోజెన్‌బ్లూమ్, హార్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1971లో ఈ క్రమాన్ని వర్ణించారు. ఈ వయస్సులన్నీ ఉజ్జాయింపులు. ఒక ఇంటి ఇద్దరు పిల్లలలోనే ఏడాది తేడా కనిపించవచ్చు, అది రోగం కాదు.

చూచి గీయడంలోనూ ఇట్లాంటి మెట్లు ఉన్నవి. నిలువుగీత, అడ్డగీత, గుండ్రని సున్న మూడేండ్ల ప్రాంతంలో వస్తాయి. కూడిక గుర్తు నాలుగేండ్లకు, చదరం నాలుగున్నర నుండి అయిదేండ్లకు, త్రిభుజం అయిదు దాటాక. తెలుగు లిపికి ఇక్కడ ఒక విశేషం ఉన్నది. మన అక్షరాలలో ఎక్కువ భాగం వంపులు కనుక, సున్న గీయగలిగిన మూడేండ్ల పిల్లవాడు అక్షరాలు కూడ దిద్దగలడని పెద్దలు అనుకుంటారు. సున్నలో వేళ్లు ఒకే దిశలో తిరిగితే చాలు. 'అ'లో ఒక వంపు తిరిగి, దాని నుండి మరొక వంపులోనికి మళ్లి, ఎక్కడ ఆగాలో తెలుసుకొని ఆగాలి. 'ఋ' సంగతి చెప్పనక్కరలేదు. అక్షరమాలలో ముందున్నది కనుక చేతికి కూడ 'అ' ముందు రావాలన్న నియమం ఏమీ లేదు. సున్న, 'ర', 'ఠ', 'గ' వంటివి ముందు దిద్దించి, మలుపులున్న వాటిని తర్వాత చేర్చితే పిల్లవాని చేతికి తేలిక. పలికించడం వర్ణక్రమంలో పలికించినా, దిద్దించడం వేరొక వరుసలో జరగడానికి అడ్డు లేదు.

ఇవన్నీ తెలిసి కూడ మూడేండ్ల పిల్లలకు గీతల పుస్తకాలు ఇచ్చి, పుటకు పది వరుసలు నింపించే బడులు పల్లెలలోను పట్టణాలలోను ఉన్నవి. 2020 నాటి జాతీయ విద్యావిధానం 3 నుండి 8 ఏండ్ల వరకు గల కాలాన్ని ఒకే పునాది దశగా భావించి, ఒకటవ తరగతిలో ప్రవేశానికి ఆరేండ్ల వయస్సును పెట్టింది. అంతకుముందు గడిచే మూడు సంవత్సరాలను ఆటపాటలకు ఇచ్చింది. దస్తూరి బాగులేదని వేళ్ల కణుపుల మీద రూళ్లకర్రతో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ విభాగం నిషేధించింది. చట్టం సంగతి అట్లా ఉంచినా, పాఠం నేర్చుకోవలసిన అవయవాన్నే నొప్పించి పాఠం చెప్పడం శరీరశాస్త్రానికి పొసగని పని.

చేతికి ముందు, వ్రాతకు తరువాత

వ్రాతకు ముందుగా చేతిని సిద్ధం చేయాలన్న ఆలోచనను బడిలో క్రమంగా అమలు చేసినవారిలో మరియా మాంటిసోరి ముఖ్యురాలు. ఆమె వైద్యవిద్య చదివినది. 1907లో రోమునగరంలో బీదలు నివసించే శాన్ లోరెంజో పేటలో ఆమె మొదటి శిశు విద్యాలయం తెరిచారు. అక్కడ పిల్లలకు పెన్సిలుకంటె ముందు కొయ్య దిమ్మలు ఇచ్చారు. ఒక్కొక్క దిమ్మకు పైన చిన్న పిడి ఉంటుంది. దానిని పట్టి ఎత్తాలంటే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడూ కలవాలి. దిమ్మను సరియైన గుంటలో పెట్టడమే ఆట. పెన్సిలు పట్టే పట్టు ఆటలోనే అలవాటవుతుంది. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలు నడిపించడం, లోహపు చట్రాల వెంబడి గీతలు గీయడం తర్వాతి మెట్లు. ఆమె 1939 నవంబరులో మదరాసులోని అడయారుకు వచ్చి, దేశంలోని పలు ప్రాంతాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. కొద్దినెలలకని వచ్చిన ఆమె యుద్ధం కారణంగా 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోవలసివచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మదరాసు రాష్ట్రంలోనే ఉన్నవి.

పిడి ఉన్న ఆ కొయ్యదిమ్మలు కొనగలిగిన బడులు కొన్నే. అయితే అదే పనిని, కొన్నిచోట్ల అంతకంటె మేలుగా, చేసే ఆటవస్తువులు తెలుగు ఇండ్లలో చాలకాలంగా ఉన్నవి. వామనగుంటల పీటను తీసుకుందాము. రెండు వరుసలలో 14 గుంటలు, చింతపిక్కలు. ఆడేవారు ఒక గుంటలోని పిక్కలన్నీ ఒకే చేతితో ఏరి గుప్పెట పట్టి, తర్వాతి గుంటలలో ఒక్కొక్కటిగా విడుస్తూ పోవాలి. ఇది చూడడానికి తేలిక. చేసేటప్పుడు చేతిలో ఏమి జరుగుతున్నదో గమనించాలి. ఉంగరపువేలు, చిటికెనవేలు ముడుచుకొని పిక్కలను అరచేతిలో ఆపుతున్నవి. అదే సమయంలో బొటనవేలు ఒక్క పిక్కను మాత్రం అరచేతిలోనుండి వేళ్ల కొనల దాకా నెట్టి వదులుతున్నది. చేయి రెండు సగాలుగా విడి, ఒక సగం నిలకడగా ఉండగా మరొక సగం పనిచేస్తున్నది. పెన్సిలుతో వ్రాసేటప్పుడు జరిగేది కూడ సరిగా ఇదే: చిటికెనవేలి వైపు సగం కాగితం మీద ఆని నిలబడుతుంది, బొటనవేలి వైపు సగం కదులుతుంది. వైద్యశాలలలో చిన్నపిల్లల చేతిపనిని పరీక్షించే చికిత్సకులు నాణేలను అరచేతిలోనుండి వేళ్ల కొనలకు జరిపించి చూస్తారు. చింతపిక్కలతో ఆడే అవ్వ ఆ పరీక్షను రోజూ మనుమరాలికి పెడుతున్నది, పేరు మాత్రం వేరు.

అచ్చనగాయలలో పైకి ఎగరవేసిన రాయి కిందపడేలోగా నేలమీది రాళ్లను ఏరాలి కనుక దానికి కన్ను, చేయి ఒకే వేగంతో కలవాలి. ఆరేండ్లకు లోపు పిల్లలకు అది కష్టం. వారికి పెద్దలు రాయిని ఎగరవేయకుండా ఏరే భాగం మాత్రం ఆడించవచ్చు.

ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. మూడేండ్లలోపు పిల్లల చేతికి చింతపిక్కలు, వేరుశనగ పలుకులు, పూసలు ఇవ్వరాదు. గొంతుకు అడ్డం పడితే ప్రాణాపాయం. ఆ వయస్సు దాటినవారు కూడ పెద్దల కంటి ఎదుటనే ఆడాలి. ఎర్రగా, నల్లని బొట్టుతో అందంగా కనిపించే గురివింద గింజలను ఏ వయస్సు పిల్లలకూ ఆటకు ఇవ్వకూడదు. నమిలి మింగితే వాటిలోని విషం ప్రాణం తీయగలదు.

మట్టికి సాటి వచ్చేది మరొకటి లేదు. వినాయకచవితికి తెచ్చిన బంకమట్టి మిగిలినా, చపాతీకి కలిపిన పిండిలో ఒక ఉండ చేతికి ఇచ్చినా చాలు. ఉండను రెండు వేళ్ల కొనలతో గిల్లి చిన్న చిన్న గోళీలు చేయడం, అరచేతి కింద పొర్లించి పాముగా సాగదీయడం, ఆ పామును వంచి 'ర'గా, 'గ'గా మలచడం. మట్టి వేళ్లకు ఎదురు తిరుగుతుంది. ఎంత అదిమితే అంత లొంగుతుంది, ఎక్కువ అదిమితే ఆకారం చెడుతుంది. బలాన్ని కొలిచి వాడడం పిల్లవానికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కాగితం మీద అటువంటి తెలివి రావడం కష్టం, కాగితం చిరిగిపోయిన తర్వాత గాని తప్పు తెలియదు కనుక.

తక్కినవి ఇంటిపనిలోనే దొరుకుతాయి. అనపకాయలు, బఠానీకాయలు ఒలవడం, తడి గుడ్డను పిండడం, చొక్కా గుండీలు తానే పెట్టుకోవడం, బట్టలు ఆరవేసే తీగకు క్లిప్పులు పెట్టి తీయడం, పాత కాగితాలను వేళ్లతో సన్నని పట్టీలుగా చింపడం, మొన లేని చిన్న కత్తెరతో గీతవెంబడి కత్తిరించడం. ముగ్గుపిండిని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టి సన్నని ధారగా విడవడం వీటన్నిటికంటె సున్నితమైన పని. అయిదేండ్ల పిల్ల అమ్మ పక్కన కూర్చుని రెండు చుక్కలు కలిపినా అది మంచి సాధనే. ఆడపిల్లలకే ఈ పనులు ఇచ్చి మగపిల్లలను వీధిలోకి పంపే ఇండ్లలో మగపిల్లల వేళ్లు ఈ సాధన కోల్పోతున్నవి. తొందరగా బడికి పంపాలని తల్లి గుండీలు తానే పెట్టడం, అన్నం తానే కలిపి పెట్టడం కూడ ఇంతే. గాజుపలక మీద వేలు జరపడంతోనే సరిపోయే సెల్‌ఫోను ఆటలలో వేలికి ఎదురు నిలిచేది ఏమీ లేదు.

మణికట్టు, మోచేయి, భుజం

ఇక్కడ మరొక చిన్న పరీక్ష. మణికట్టును పూర్తిగా లోపలికి వంచి, ఆ స్థితిలోనే పిడికిలి గట్టిగా బిగించడానికి ప్రయత్నించాలి. పిడికిలి సరిగా ముడుచుకోదు. ఇప్పుడు మణికట్టును కొద్దిగా వెనుకకు వంచి బిగిస్తే బలం వెంటనే వస్తుంది. వేళ్లను చాపే స్నాయుబంధనాలు చేతి వెనుకవైపు నుండి వస్తున్నవి. మణికట్టు లోపలికి వంగితే అవి బిగుసుకొని వేళ్లను మడవనివ్వవు, మడిచే వైపు తాళ్లు వదులై లాగలేవు. కనుక మణికట్టు కాస్త వెనుకకు వంగి ఉంటేనే వేళ్లు స్వేచ్ఛగా పనిచేస్తాయి.

పిల్లలు గోడమీద బొగ్గుతో గీస్తే ఇండ్లలో తిట్లు పడతాయి. నిలువుగా ఉన్న తలం మీద గీసేటప్పుడు మణికట్టు దానంతట అదే వెనుకకు వంగుతుంది, భుజం కూడ పనిచేస్తుంది. గోడ పాడవుతుందనుకుంటే పలకను పిల్లవాని రొమ్ము ఎత్తున మేకుకు తగిలించి, ముందు నిలబెట్టి గీయించవచ్చు. బడిలోని నల్లబల్ల కింది సగం సాయంకాలం పావుగంట చిన్నపిల్లలకు వదిలినా అంతే మేలు.

కూర్చుని వ్రాసేటప్పుడు పాదాలు నేలకు ఆనాలి, బల్ల ఎత్తు మోచేతికి సరిపోవాలి. కాళ్లు వ్రేలాడుతున్న పిల్లవాడు పడిపోకుండా నిలుపుకోవడానికే సగం శ్రమ ఖర్చు చేస్తాడు. నేలమీద కూర్చునే బడులలో ఒడిలో పలక పెట్టుకొని మెడ వంచి వ్రాయడం మంచిది కాదు. పూర్వం దుకాణాలలో గుమాస్తాలు ముందు పెట్టుకొని వ్రాసిన వాలుపెట్టె వంటిది ఏదైనా, రెండు ఇటుకలమీద వాల్చిన చెక్క అయినా, పనికివస్తుంది.

ఇక పెన్సిలు. పిల్లలకు కొత్తగా కొన్న పొడుగు పెన్సిలుకంటె మూడంగుళాల ముక్క మేలు. పొడుగు పెన్సిలు వెనుకభాగం బరువుకు వెనక్కు వాలుతుంది, పిడికిట పట్టడానికి చోటు ఇస్తుంది. చిన్న బలపం ముక్క మూడు వేళ్ల కొనలకు తప్ప వేరొకదానికి చోటు ఇవ్వదు. రంగు క్రేయాను విరిగితే పారవేయవద్దు, ఆ ముక్కే మంచిది. చెయ్యి విప్పుకొని గట్టిగా బిగించే పిల్లవానికి చిన్న ఉపాయం ఒకటి ఉన్నది: దూదిపింజను గాని, చిన్న కాగితపు ఉండను గాని ఉంగరపువేలు, చిటికెనవేలు కింద దాచి పట్టుకొమ్మంటే, ఆ రెండు వేళ్లు దానిని కాపాడే పనిలో పడి తక్కిన మూడింటికి దారి ఇస్తాయి.

మూడు వేళ్ల పట్టే శాస్త్రీయమని పట్టుబట్టడం మాత్రం తగదు. నాలుగు వేళ్లతో పట్టేవారు, బొటనవేలిని పెన్సిలు మీదుగా పక్కకు ఆనించేవారు కూడ అంతే వేగంగా, అంతే స్పష్టంగా వ్రాయగలుగుతున్నారని ఇటీవలి పరిశీలనలలో తేలింది. నొప్పి లేకుండా, వేళ్లు కదులుతూ ఉంటే ఆ పట్టును మార్చనక్కరలేదు.

ఎడమచేతివాటం పిల్లలు సుమారు పదిమందికి ఒకరు ఉంటారు. వారి చేతిని కట్టివేయడం, కుడిచేతికి మార్పించడం పూర్వపు అలవాటు. అందులో లాభం ఏమీ లేదు. వారికి కావలసినది కాగితాన్ని పెట్టే తీరు. కుడిచేతివారు కాగితం పైభాగాన్ని కొద్దిగా ఎడమకు వాల్చుకుంటే, వీరు కుడికి వాల్చుకోవాలి. పెన్సిలును మొనకు మరికాస్త పైన పట్టుకోవాలి. అప్పుడు వ్రాసినది చేతికింద పడి చెరిగిపోదు, మణికట్టును కొక్కెంవలె వంచవలసిన పనీ ఉండదు. బల్లమీద వారిని ఎడమ కొసన కూర్చోబెడితే పక్కవాని మోచేయి తగలదు.

ఈ ఆటలకు ఒక హద్దు ఉన్నది. మట్టి పిసికినంత మాత్రాన దస్తూరి వచ్చివేయదు. పిడికిలి బలం ఎక్కువగా ఉన్న పిల్లల అక్షరాలు అంతమేరకు అందంగా ఉంటాయని పరిశోధనలలో రుజువు కాలేదు. కంటికి చేతికి గల పొందిక దానికంటె ఎక్కువ లెక్కకు వస్తున్నది. కెనడాలోని ఒక వృత్తిచికిత్స పత్రికలో 2011లో వచ్చిన సమీక్ష, దస్తూరి దిద్దడానికి చేసిన అనేక ప్రయత్నాలను ఒకచోట చేర్చి చూచింది. వ్రాత అభ్యాసం లేకుండా వేళ్ల సాధన మాత్రమే చేయించినవి ఫలించలేదు. వ్రాత అభ్యాసం ఉన్నా 20 పర్యాయాలకు తక్కువైనవి కూడ ఫలించలేదు. కనుక మూడు నుండి అయిదేండ్ల వరకు మట్టి, పిక్కలు, కత్తెర. ఆరు దాటిన తర్వాత వాటితోపాటు రోజూ కొద్దిసేపు శ్రద్ధగా వ్రాత. పది నిమిషాలు చాలు. పుట నింపించడంకంటె, వ్రాసిన వరుసలో బాగా కుదిరిన అక్షరాన్ని పిల్లవాని చేతనే గుర్తు పెట్టించడం ఎక్కువ పని చేస్తుంది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆటలతో కాలం గడపకుండా వైద్యునికి చూపించాలి. ఏడాదిన్నర నిండకముందే పసివాడు ఎప్పుడూ ఒకే చేతిని వాడుతూ రెండవదానిని ముడుచుకొని ఉంచడం, ఒకవైపు చేయి కాలు బిగుసుకొని గాని వదులుగా గాని ఉండడం, వచ్చిన నేర్పు తిరిగి పోవడం, చేతులు వణకడం ఇటువంటివి.

ఉన్నతపాఠశాల ఉపాధ్యాయునికి ఇదంతా చిన్నపిల్లల వ్యవహారంగా తోచవచ్చు. పరీక్షలో రెండు పుటలు వ్రాసి చేయి విదిలించుకునే ఎనిమిదవ తరగతి విద్యార్థి ఆయన గదిలోనే ఉన్నాడు. వాని చూపుడువేలిని ఒకసారి చూస్తే, చివరి కీలు లోపలికి విరిగినట్లు వంగి, గోరు కింద తెల్లబడి ఉంటుంది. ఆరేండ్లనాటి బిగింపు అది. అటువంటివాడికి మొన తేలికగా సాగే మెత్తని పెన్సిలు ఇచ్చి, కింద మరొక కాగితం, దాని కింద మసికాగితం పెట్టి, మూడవ కాగితం మీదికి గుర్తు పడకుండా వ్రాయమని చెప్పవచ్చు. వాడే తన బిగింపును కొలుచుకుంటాడు. మొదటి రోజు మూడవ కాగితం మీద ప్రతి అక్షరం నల్లగా అచ్చుపడుతుంది. మూడు నాలుగు వారాలు రోజుకు పది నిమిషాలు ఇట్లా వ్రాస్తే ఆ అచ్చు పలచబడుతున్నదో లేదో కాగితాలు వరుసగా పెట్టి చూసుకోవచ్చు.